మన పనికి ఒక అడ్రసు

(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నారు అనగానే సేఫ్టీ గురించి చెప్తామనుకుని ఉంటారు. హెల్మెట్టు, హార్నెస్ సంగతి రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో మేము చెప్తూనే ఉంటాం, మీరు నిలబడి నిద్రపోతూనే ఉంటారు. అందుకని ఇవాళ వేరే మాట తెచ్చాం. పని వెతుక్కోవడానికి మనలాంటివాళ్లం సొంతంగా ఒక వెబ్ పేజీ ఎట్లా తయారు చేసుకోవాలి అన్నది ఆ మాట.

"వెబ్‌సైటా? అది సాఫ్ట్‌వేరోళ్ల పని గదా, మనకెందుకన్నా?" అని వెనక వరుసలో ఎవరో అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి తమ్మీ, మేము కూడా మొదట అట్లే నవ్వాం. ఎందుకు నవ్వడం మానేశామో చెప్తాం.

మేమంటే ఒకే గదిలో ఉన్న ఆరుగురం. ఇద్దరు షట్టరింగ్ కార్పెంటర్లు, ఒక స్టీల్ ఫిక్సర్, ఒక టైల్ మేస్త్రీ, ఒక ప్లంబరు, ఒక సైట్ సూపర్‌వైజరు. జగిత్యాల వాళ్లు ఉన్నారు, కామారెడ్డి వాళ్లు ఉన్నారు, రాయచోటి తమ్ముడున్నాడు, రాజోలు నుంచి వచ్చిన బాబాయి ఉన్నాడు. ఊళ్లు వేరైనా సోనాపూర్‌లో గది ఒకటే, కుక్కరు ఒకటే.

2020 మార్చి తర్వాత మా సైటు ఆగిపోయింది. కొన్నాళ్లు సగం జీతం వచ్చింది, తర్వాత అదీ రాలేదు. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. పేరు నమోదు చేసుకుని, మా వంతు కోసం ఎదురుచూసి, చివరికి అందరం ఇళ్లకు చేరాం. ఆ తర్వాత కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేస్తే మోగుతుంది గాని ఎత్తేవాడు లేడు. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ అడగడానికి కూడా మనిషి దొరకలేదు.

మళ్లీ పనులు మొదలయ్యాక ఇంటర్వ్యూలు వీడియో కాల్ మీద జరిగాయి. మా గదిలో పెద్దవాడు, మేమందరం పెద్దన్న అని పిలిచే ఆయన, పదకొండేళ్లు షట్టరింగ్ చేసినవాడు. చివరి నాలుగేళ్లు పద్దెనిమిది మంది గ్యాంగును నడిపించాడు. కానీ వీసా మీద వృత్తి దగ్గర 'లేబర్' అని ఉంది. ఇది మీలో చాలామందికి ఉన్న కథే. చేసేది ఒక పని, కాగితం మీద రాసేది ఇంకో పని. ఇంటర్వ్యూ చేసే ఇంజినీరు మర్యాదగానే అడిగాడు. "మీరు చార్జ్‌హ్యాండ్ పని చేశానంటున్నారు. కాగితం లేబర్ అంటోంది. చూపించడానికి ఏమైనా ఉందా?"

ఉండేది. ఫోను నిండా ఫోటోలు ఉండేవి. కాలమ్ పెట్టెలు, కోర్ వాల్, మెట్లు, ర్యాంపు, అన్నీ. ఆ ఫోను ఊళ్లో బావి దగ్గర నీళ్లలో పడిపోయింది. బ్యాకప్ లేదు. పెద్దన్న ఏమీ మాట్లాడలేదు. వాళ్లు హెల్పర్ జీతం ఇస్తామన్నారు. ఇంట్లో అప్పు ఉంది, ఒప్పుకున్నాడు. పదకొండేళ్ల కింద మొదటిసారి వచ్చినప్పటి జీతానికి ఇప్పుడు ఇచ్చింది నూట యాభై దిర్హాములు ఎక్కువ. అంతే.

ఆ రాత్రి మాకు తెలిసొచ్చింది. మన పని మన దగ్గర లేదు. మనం కట్టినవి అక్కడే నిలబడి ఉన్నాయి, కానీ మనం కట్టామని చెప్పే సాక్ష్యం మన చేతిలో లేదు. గోడ మీద మన పేరు ఎవరూ రాయరు. మనమే ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. ఆ రాసుకునే చోటునే ఇంగ్లీషులో పోర్ట్‌ఫోలియో అంటున్నారు. పెద్ద మాట చూసి భయపడొద్దు. చేసిన పనిని వరుసగా పెట్టి చూపించే పేజీ, అంతే.

ఇక ఎట్లా చేసుకోవాలో ఒక్కొక్కటిగా చెప్తాం.

మొదటిది, పేజీ సంగతి తర్వాత, ముందు పని రాసుకోవడం. పదిహేను దిర్హాములు పెట్టి ఒక నోటుబుక్కు కొనండి. వారానికి ఒకసారి, సెలవు ముందు రోజు రాత్రి, నాలుగు లైన్లు రాయండి. ఏ అంతస్తు, ఏ పని, ఎంత చేశాం, ఎంతమందిమి. ఉదాహరణకు: 'నాలుగో అంతస్తు స్లాబు, ఆరుగురం, స్టీలు కట్టడం, అడుగు జాలీ 16 ఎంఎం, మూడు రోజులు.' ఇంతే చాలు. ఏడాది తర్వాత ఆ పుస్తకం మీ కంటే బాగా మాట్లాడుతుంది.

రెండోది ఫోటోలు. ఒక పనికి మూడు ఫోటోలు చాలు. మొదలుపెట్టే ముందు ఒకటి, మధ్యలో ఒకటి, పూర్తయ్యాక ఒకటి. ఫోను అడ్డంగా పట్టుకోండి. కెమెరా అద్దం మీద సిమెంటు దుమ్ము తుడవండి. టైల్ పని అయితే దగ్గరగా తీయండి, జాయింట్లు కనపడాలి. స్టీలు పని అయితే కవర్ బ్లాకులు, బైండింగు కనపడాలి. కాంక్రీటు పోశాక స్టీలు ఎవరికి కనిపిస్తుంది? అందుకే పోసే ముందే తీయాలి. ప్లంబింగు కూడా అంతే, గోడ మూసేశాక లోపలి పైపు మీ కష్టం ఎవరికీ చెప్పదు.

ఇక్కడ మాలో ఒకరు చేసిన తప్పు చెప్పాలి. మా స్టీల్ ఫిక్సర్ తమ్ముడు మంచి ఫోటో అని ఒకటి పెట్టాడు. స్లాబు అంచున నిలబడి, వెనక ఊరంతా కనపడుతూ, హీరో లెక్క. ఇంటర్వ్యూలో వాళ్లు అతను కట్టిన స్టీలు చూడలేదు. "హార్నెస్ హుక్కు దేనికి తగిలించావు?" అని అడిగారు. దేనికీ తగిలించలేదు. కాల్ అక్కడే ముగిసింది. కాబట్టి మీరు పెట్టే ప్రతి ఫోటోను ఒక సేఫ్టీ ఆఫీసర్ చూసినట్టు చూసుకోండి. చూశారా, చివరికి సేఫ్టీ మాట రానే వచ్చింది.

మూడోది అనుమతి. ఇది తేలికగా తీసుకోవద్దు. ఈ దేశంలో ఒకరి అనుమతి లేకుండా వాళ్ల ఫోటో తీసి బయట పెట్టడం నేరం. తోటి పనివాళ్ల మొహాలు పడితే వాళ్లను అడగండి, లేదా మొహం కనపడకుండా కత్తిరించండి. విమానాశ్రయం, సైనిక స్థావరం, పోలీసు భవనం, ప్యాలెస్ లాంటి చోట పని చేసి ఉంటే ఫోటో అసలే వద్దు. డ్రాయింగులు కంపెనీవి, అవి పెట్టొద్దు. ఒకరి విల్లా లోపల పని చేస్తే ఆ ఇల్లు వాళ్ల సొంతం. మా టైల్ మేస్త్రీ ఒక విల్లా బాత్రూమ్ ఫోటో, వీధి పేరుతో సహా పెట్టేశాడు. కంపెనీ పిలిచి హెచ్చరిక రాయించుకుంది. తీసేశాడు, ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు మేము సైట్ ఇంజినీరును ముందే అడుగుతాం. "సార్, పని ఫోటో, పేరు లేకుండా, మొహాలు లేకుండా పెట్టుకోవచ్చా?" కాదంటే మానేస్తాం. అప్పుడు ఫోటో లేకుండా మాటల్లోనే రాస్తాం.

నాలుగోది, పేజీలో ఏముండాలి. అయిదు విషయాలు చాలు.

పైన మీ పేరు, మీ పని, ఎన్నేళ్లు. 'షట్టరింగ్ కార్పెంటర్, 11 ఏళ్లు, యూఏఈ.' అంతే. 'కష్టపడి పనిచేసే నిజాయితీ గల మనిషిని' అని అందరూ రాస్తారు, దాన్ని ఎవరూ చదవరు.

దాని కింద చేసిన పనులు. ఒక్కోదానికి ఫోటోలు, రెండు లైన్లు. భవనం ఎన్ని అంతస్తులు, మీరు చేసింది ఏది, గ్యాంగులో ఎంతమంది. మీ వాటా ఎంతో అంతే రాయండి. బుర్జ్ ఖలీఫా నేనే కట్టాను అని చెప్పేవాళ్లు మనకు ప్రతి క్యాంపులో దొరుకుతారు. 828 మీటర్ల భవనం కదా, అందరికీ చోటు ఉంది! కానీ ఇంటర్వ్యూ చేసేవాడు ఇంజినీరు. రెండు ప్రశ్నల్లో తేల్చేస్తాడు. 'పన్నెండు మంది గ్యాంగులో నేను కోర్ వాల్ ప్యానెళ్లు చూశాను' అంటే నమ్ముతాడు.

మూడో భాగం, మీకు చేతనైనవి. డ్రాయింగ్ చదవగలరా? లెవెల్ చూడగలరా? బార్ బెండింగ్ షెడ్యూల్ అర్థమవుతుందా? హిందీ, ఇంగ్లీషు, అరబిక్ ఎంత వచ్చు? 'ఇంగ్లీషు కొంచెం, పని మాటలు అర్థమవుతాయి' అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

నాలుగో భాగం, సర్టిఫికెట్లు. ఐటీఐ, డిప్లొమా, స్కాఫోల్డింగ్, రిగ్గర్, ఫస్ట్ ఎయిడ్, ఏదున్నా పేరు, సంవత్సరం, గడువు రాయండి. గడువు దాటినది దాచి చూపిస్తే దొరికిపోతాం. 'రెన్యువల్ చేయించుకోవాలి' అని రాస్తే తప్పు లేదు.

చివరిది, మిమ్మల్ని పట్టుకునే దారి. ఫోను నంబరు, ఈమెయిలు, ఇప్పుడు ఏ దేశంలో ఉన్నారు, ఎప్పటి నుంచి పనికి రాగలరు.

పెట్టకూడనివి కూడా చెప్తాం. పాస్‌పోర్టు కాపీ, ఎమిరేట్స్ ఐడీ, వీసా కాగితం, బ్యాంకు వివరాలు, పుట్టిన తేదీ, పిల్లల ఫోటోలు. ఇవి ఏవీ వద్దు. రాజోలు బాబాయి తెలియక పాస్‌పోర్టు మొదటి పేజీ పెట్టాడు. పది రోజుల్లో వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. అందులో ఆయన పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయి, అందుకే నిజమనుకున్నాడు. వీసా ఖర్చులకు రెండు వేల దిర్హాములు ముందు కట్టమన్నారు. కట్టడానికి ఎక్స్‌చేంజ్ దాకా వెళ్లాడు. అక్కడ లైన్‌లో నిలబడి మాకు ఫోన్ చేశాడు కాబట్టి ఆగాడు. ఒకటి గుర్తు పెట్టుకోండి. ఇక్కడి చట్టం ప్రకారం నియామకం ఖర్చులు యజమానివి, పనివాడి దగ్గర తీసుకోకూడదు. ఊరి నుంచి వచ్చేవాళ్ల దగ్గర కూడా మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. విజిట్ వీసా మీద రండి, పని చేయండి, తర్వాత మారుస్తాం అనేవాణ్ణి నమ్మొద్దు. విజిట్ వీసా మీద పని చేస్తే శిక్ష మనకూ పడుతుంది.

ఇక అయిదోది, పేజీ చేయడం. డబ్బు పెట్టక్కర్లేదు. గూగుల్ సైట్స్ ఉంది, వర్డ్‌ప్రెస్ ఉంది, రెండింట్లోనూ ఉచితంగా చేసుకోవచ్చు. మేము గూగుల్ సైట్స్‌లో చేశాం, ఎందుకంటే జీమెయిల్ అందరికీ ఉంది. ఫోటోలు ఫోనులో ఉన్నా, పేజీ అమర్చడానికి ల్యాప్‌టాప్ మేలు. గదిలో ఒక్కరి దగ్గర ఉంటే చాలు. ఖాళీ పేజీ తెరిచి, పేరు టైపు చేసి, ఫోటోలు ఎక్కించి, కింద రాసి, పబ్లిష్ నొక్కడమే. మొదటి పేజీకి మాకు రెండు సెలవు రోజులు పట్టాయి. ఆరోది రెండు గంటల్లో అయిపోయింది.

ఇందులో మేము దెబ్బతిన్న నాలుగు విషయాలు చెప్తాం, మీరు తప్పించుకోండి.

ఒకటి, జీమెయిల్ ఖాతా ఇక్కడి సిమ్ నంబరుకే కట్టి ఉంటే, రేపు ఆ సిమ్ పోయాక ఓటీపీ ఎవరికో పోతుంది. మన పేజీలోకి మనమే వెళ్లలేం. ఇంటి నంబరు కూడా ఇవ్వండి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. రెండు, రెండేళ్లు ఆ ఖాతా ముట్టుకోకపోతే గూగుల్ దాన్ని తీసేయవచ్చు. మూడు నెలలకోసారి తెరిచి కొత్త పని చేర్చండి. మూడు, ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. అందులోనే మెయిలు, డ్రైవు, ఫోటోలు అన్నీ. పండగ వీడియోలతో అది నిండిపోతే పనికి చోటుండదు. నాలుగు, సర్టిఫికెట్ పీడీఎఫ్‌ను డ్రైవు నుంచి తగిలిస్తే దానికి విడిగా చూసే అనుమతి ఇవ్వాలి. లేకపోతే మనకు కనిపిస్తుంది, కంపెనీకి కనిపించదు. అందుకే పేజీ అయ్యాక వేరేవాళ్ల ఫోనులో తెరిచి చూడండి.

భాష సంగతి. పేజీ ఇంగ్లీషులోనే ఉండాలి, ఎందుకంటే చదివేవాడు కేరళవాడు కావచ్చు, ఈజిప్టువాడు కావచ్చు, ఫిలిప్పీన్స్‌వాడు కావచ్చు. చిన్న చిన్న వాక్యాలు రాయండి. ఫోనులో అనువాదం చేయించినా ఒకసారి మనిషితో చూపించండి. మా ప్లంబరు అన్న పేజీని ఊళ్లో ఇంటర్ చదివే ఆయన బిడ్డ సరిచేసింది. వీడియో కాల్‌లో తండ్రిని కూర్చోబెట్టి అడిగింది. "నాయినా, ప్రెషర్ టెస్ట్ అంటే ఏంది? ఎట్ల చేస్తరు? ఎన్ని గంటలు చూస్తరు?" ఆయన చెప్తుంటే ఆమె రాసింది. పన్నెండేళ్లుగా తండ్రి ఏం పని చేస్తాడో ఆ అమ్మాయికి ఆ రోజే తెలిసింది. ఆ కాల్ అయ్యాక ఆయన బయటికి వెళ్లి చాలాసేపు గదిలోకి రాలేదు.

పేజీ అడ్రసును క్యూఆర్ కోడ్‌గా చేసి రెండు పేజీల కాగితం సీవీ మీద ముద్రించండి. కాగితం సీవీ మానేయొద్దు, ఇంకా చాలా చోట్ల అదే అడుగుతారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు లింకు ఒక్కటే పారేయకుండా పైన రెండు లైన్లు రాయండి. ఏ పని, ఎన్నేళ్లు, ఎప్పుడు రాగలరు.

ఇంకో మాట. పేజీ ఉంది కదా అని సర్టిఫికెట్ వదులుకోవద్దు. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కొత్త కార్మిక చట్టం ప్రకారం, పని ముగిశాక మనం అడిగితే యజమాని రుసుము లేకుండా ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి. చేరిన తేదీ, మానిన తేదీ, చేసిన పని, చివరి జీతం అందులో ఉండాలి. 'అడిగితే' అన్న మాట గుర్తుంచుకోండి. కంపెనీ నడుస్తున్నప్పుడే, లెక్కలు తేల్చే రోజే అడగండి. తాళం పడ్డాక అడగడానికి మనిషి ఉండడు, అది మేము చూశాం.

ఇప్పుడు మీరు అడగబోయేది మాకు తెలుసు. మరి మీ ఆరుగురికీ ఉద్యోగాలు వచ్చాయా అని. ఉన్నది చెప్తాం. ఇద్దరికి పేజీ వల్ల లాభం జరిగింది. ఇద్దరికి తెలిసినవాళ్ల ద్వారా పని దొరికింది, పేజీని ఎవరూ తెరవలేదు. స్టీల్ ఫిక్సర్ తమ్ముడు ఫోటోలు మార్చుకుని ఇంకా వెతుకుతున్నాడు. ఈ హాలులోనే ఉన్నాడు, మీ సైటులో అవసరం ఉంటే చెప్పండి.

ఆరోవాడు పెద్దన్న. ఆయన ఫోటోలు నీళ్లలో పోయాయి కదా. మేము పాత గ్యాంగువాళ్లందరికీ ఫోన్లు చేశాం. ఒకరు నేపాల్‌లో, ఒకరు బీహార్‌లో, ఒకరు ఖతర్‌లో. వాళ్ల ఫోన్లలో, పాత వాట్సాప్ గ్రూపుల్లో వెతికితే నలభై మూడు ఫోటోలు దొరికాయి. అందులో పెద్దన్న మొహం కనపడేవి నాలుగే, ఫోటో తీసేటప్పుడు ఎప్పుడూ పనిలోనే ఉండేవాడు కాబట్టి. ఆ నలభై మూడింటితో పేజీ చేశాం. హెల్పర్‌గా కాంట్రాక్టు పూర్తి చేశాక కొత్త కంపెనీకి పంపాడు. వాళ్లు చూసి ఉద్యోగం ఇవ్వలేదు, ట్రేడ్ టెస్టుకు పిలిచారు. ప్లైవుడ్డు, బ్యాటెన్లు ముందేసి కాలమ్ పెట్టె కట్టమన్నారు. గుండు వదిలి తూకం చూసుకుంటూ కట్టాడు. నాలుగు మూలలూ కొలిచారు. చార్జ్‌హ్యాండ్‌గా తీసుకున్నారు. ఈసారి వీసా మీద కూడా కార్పెంటర్ అనే ఉంది.

పేజీ చేసేది అంతే అన్నలారా. గేటు దాకా తీసుకుపోతుంది. లోపల పెట్టె కట్టాల్సింది మన చేతులే. కానీ ఇంతకుముందు మనల్ని గేటు దాకా కూడా రానివ్వలేదు.

ఇవాళ ఇంటికి వెళ్లగానే వెబ్‌సైటు చేయమని మేము చెప్పం. ఫోను తెరిచి, మీరు చేసిన పని ఫోటోలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఉన్నవాటిని ఇంకోచోట కూడా దాచండి. లేకపోతే రేపు పనిలో, అనుమతి అడిగి, మొదటిది తీయండి. ఆ తర్వాత మా గదికి రండి. ప్రతి సెలవు రోజు సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచే ఉంటుంది. టీ మేము పెడతాం, నోటుబుక్కు మీరు తెచ్చుకోండి.